అప్పీలు నుంచి తీర్పు దాకా: అంపైర్ వెంకటరాఘవన్

మన బడి మైదానంలో క్రికెట్ ఆడేటప్పుడు అంపైర్‌గా ఎవరు నిలబడతారు? ఎక్కువసార్లు, బ్యాటింగ్ జట్టులో తన వంతు కోసం ఎదురుచూస్తున్న పిల్లవాడే. బంతి కాలికి తగలగానే ఫీల్డింగ్ జట్టంతా అరుస్తుంది. అతడు అడ్డంగా తల ఊపుతాడు. "వాళ్ల జట్టువాడే కదా, ఔట్ ఎందుకిస్తాడు!" అంటూ గొడవ మొదలవుతుంది. అతని నిర్ణయం సరైనదే కావచ్చు, అయినా ఎవరూ నమ్మరు.

ఈ చిక్కు అంతర్జాతీయ క్రికెట్‌లోనూ చాలాకాలం ఉండేది. ఏ దేశంలో మ్యాచ్ జరిగితే ఆ దేశపు అంపైర్లే నిలబడేవారు. ఓడిన జట్టుకు అనుమానం మిగిలేది. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ ఆడిన టెస్టుకు ఇద్దరు భారతీయులను, వి.కె. రామస్వామిని, పీలూ రిపోర్టర్‌ను, అంపైర్లుగా పిలిచారు. 1994 నుంచి ప్రతి టెస్టులో ఒక అంపైర్ మూడో దేశం నుంచి రావాలని అంతర్జాతీయ క్రికెట్ మండలి నియమం పెట్టింది. 2002లో ఎలైట్ ప్యానెల్ ఏర్పడ్డాక ఇద్దరు అంపైర్లూ బయటి దేశాలవారే అయ్యారు. ఆ తొలి ప్యానెల్‌లో చోటు దక్కిన ఒకే ఒక్క భారతీయుడు శ్రీనివాసరాఘవన్ వెంకటరాఘవన్. క్రికెట్ అభిమానులకు ఆయన 'వెంకట్'.

వెంకట్ 1945లో మద్రాసులో పుట్టారు. ఇంజనీరింగ్ చదివారు. ఇరవై ఏళ్లు నిండకముందే, 1965లో, న్యూజిలాండ్ మీద తొలి టెస్టు ఆడారు. అదే సిరీస్‌లో ఢిల్లీలో ఒకే ఇన్నింగ్స్‌లో 72 పరుగులిచ్చి 8 వికెట్లు తీశారు. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్‌లతో కలిసి ఆయన పేరు చెబితేనే ఆనాటి స్పిన్ చతుష్టయం పూర్తవుతుంది. ఆ నలుగురూ కలిసి ఆడిన టెస్టు మాత్రం ఒక్కటే: 1967లో ఇంగ్లండ్‌లోని ఎడ్జ్‌బాస్టన్‌లో. 1971లో వెస్టిండీస్‌పై, ఆ తర్వాత ఇంగ్లండ్‌పై వారి గడ్డ మీదే భారత్ తొలిసారి సిరీస్‌లు గెలిచినప్పుడు వెంకట్ వైస్ కెప్టెన్. 1975, 1979 ప్రపంచ కప్‌లలో ఆయనే కెప్టెన్. 1983లో ఆట ముగించేనాటికి 57 టెస్టుల్లో 156 వికెట్లు ఆయన ఖాతాలో ఉన్నాయి.

అంటే దాదాపు పద్దెనిమిదేళ్లు ఆయన అంపైర్ వైపు తిరిగి అప్పీలు చేసిన మనిషి. పదేళ్ల తర్వాత, 1993 జనవరిలో, భారత్, ఇంగ్లండ్ మ్యాచ్‌లలో ఆయనే తెల్లకోటు వేసుకుని అప్పీళ్లకు జవాబు చెప్పే చోట నిలబడ్డారు. చూడటానికి అదే మైదానం, కానీ పని పూర్తిగా వేరు. బౌలర్‌కు తన జట్టు గెలవాలి. అంపైర్‌కు ఎవరూ గెలవనక్కర్లేదు.

ఆ పని ఎంత కష్టమో ఒక్క ఎల్బీడబ్ల్యూ చూస్తే అర్థమవుతుంది. ముందు బౌలర్ పాదం గీత దాటిందా అని కింద చూడాలి. వెంటనే చూపు పైకెత్తి బంతిని పట్టుకోవాలి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి సుమారు అర సెకను చాలు. బంతి లెగ్ స్టంప్ బయట పడిందా? ముందు బ్యాట్‌కు తగిలిందా? కాలికి ఎక్కడ తగిలింది? కాలు అడ్డం లేకపోతే వికెట్లను తాకేదా? వీటిలో చివరి ప్రశ్న జరగని దాని గురించి. దానికి జవాబు ఊహించి చెప్పాల్సిందే. బంతి ఎంత తిరుగుతుందో, ఎంత ఎగురుతుందో వేల ఓవర్లు వేసిన స్పిన్నర్‌కు చేతి వేళ్లలోనే తెలుసు. మాజీ ఆటగాడి అనుభవం అంపైర్‌కు ఉపయోగపడేది ఇక్కడే. అనుమానం మిగిలితే మాత్రం ఆ లాభం బ్యాటర్‌దే.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. రనౌట్‌ల కోసం టీవీ అంపైర్ 1992లోనే వచ్చారు. ఎల్బీడబ్ల్యూ నిర్ణయాన్ని ఆటగాళ్లు సవాలు చేసే పద్ధతి మాత్రం టెస్టుల్లో 2008 దాకా లేదు. వెంకట్ అంపైరింగ్ అంతా అంతకుముందే, 2004లోనే, ముగిసింది. ఆయన వేలు ఎత్తితే బ్యాటర్ పెవిలియన్‌కు నడవాల్సిందే. పొరపాటు జరిగితే టీవీలో కోట్లమంది మళ్లీ మళ్లీ చూస్తారు. అయినా తర్వాతి బంతికి మనసు తేటగా ఉంచుకోవాలి. పోయిన తప్పును సరిచేద్దామని ఇంకో తప్పు చేయకూడదు.

1999 ప్రపంచ కప్ సెమీఫైనల్ ఆ ఒత్తిడికి మంచి ఉదాహరణ. ఆస్ట్రేలియా 213 పరుగులు చేసింది. దక్షిణాఫ్రికా కూడా 213కు చేరింది. ఆఖరి ఓవర్, ఆఖరి జోడీ, కావలసింది ఒక్క పరుగు. క్లూసెనర్ పరుగెత్తాడు, డొనాల్డ్ ఆగిపోయాడు, రనౌట్. మ్యాచ్ టై అయింది. ముందరి దశ పట్టికలో పైన ఉన్నందున ఆస్ట్రేలియా ఫైనల్‌కు వెళ్లింది. ఆ రోజు మైదానంలో ఉన్న అంపైర్లు డేవిడ్ షెపర్డ్, వెంకటరాఘవన్. వేదిక అదే ఎడ్జ్‌బాస్టన్. ముప్పై రెండేళ్ల క్రితం నలుగురు స్పిన్నర్లలో ఒకరిగా అప్పీలు చేసిన చోటే ఆయన ఇప్పుడు తీర్పరిగా నిలబడ్డారు.

వెంకట్ 73 టెస్టులకు, 52 వన్డేలకు అంపైర్‌గా ఉన్నారు. ఆడిన టెస్టుల కన్నా తీర్పు చెప్పిన టెస్టులే ఎక్కువ. 2003లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఈసారి మైదానంలో మీ వంతు వచ్చేదాకా అంపైర్‌గా నిలబడమంటే విసుక్కోకండి. మీ ప్రాణ స్నేహితుడే బ్యాటింగ్ చేస్తూ ఉండవచ్చు. బంతి సరిగ్గా వికెట్ల ముందు అతని కాలికి తగలవచ్చు. అప్పుడు మీ వేలు లేస్తుందా? ఆ ఒక్క క్షణం తెలిస్తే, వెంకట్ పదకొండేళ్లు చేసిన పని ఏమిటో మీకూ తెలిసినట్టే.