మీకు తెలుసా?
86 ఏళ్లు కనబడని కడప పిట్ట

ఇక అంతరించిపోయిందని ప్రపంచమంతా అనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో ప్రాణాలతో దొరికింది! అంతకుముందు దాన్ని చివరిసారి చూసింది 1900లో, అనంతపురం దగ్గర.

పట్టుకున్నది స్థానిక వేటగాడు. రాత్రి టార్చిలైటు వెలుగులో చేత్తో పట్టేశాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఏళ్ల తరబడి పల్లెపల్లెకూ బొమ్మలు పట్టుకెళ్లి చూపిస్తూ వెతికిన పిట్ట ఇదే. పట్నం పుస్తకాల్లో ఆచూకీ లేకపోయినా, ఆ ముళ్లపొదల మనుషులకు దాని జాడ తెలుసు!

జానెడు కంటే కాస్త పెద్దది. రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, చీకట్లో తిరగడానికి పెద్ద పెద్ద కళ్లు. పగలు కనబడదు కాబట్టి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక అడుగుజాడలు వెతికేవారు. కాలికి మూడే వేళ్లు, వెనకవేలు ఉండదు. అదొక గుర్తు.

దీని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా దీని కోసం మార్చారు. పొదలన్నీ కొట్టేసినా, మరీ దట్టంగా పెరిగినా ఇది బతకలేదు. కడప వైపు వెళ్తే ఆ చిట్టడవిని పనికిరాని బీడనుకోకండి.