నా జెడ్ వేరు, మీ జెడ్ వేరు!

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ రాత్రి, 'ఫైనల్ ఫైల్ జెడ్ డ్రైవ్‌లో, రిలీజ్ ఫోల్డర్‌లో ఉంది' అని నైట్ షిఫ్ట్‌లో ఉన్న కొలీగ్‌కి మెయిల్ కొట్టి ఇంటికెళ్లిపోయా. ఆమె తెరిచింది, అదే పేరుతో ఫైల్ కనిపించింది, క్లయింట్‌కి పంపేసింది. తెల్లారాక తెలిసింది... అది పాత ఫైల్!

విండోస్‌లో నెట్‌వర్క్ ఫోల్డర్‌కి మనం తగిలించుకునే డ్రైవ్ అక్షరం ఎవరిది వారిదే. నా జెడ్ ఒక సర్వర్‌కి వెళ్తే, ఆమె జెడ్ ఇంకో సర్వర్‌కి వెళ్లింది. 'మా పెద్దగదిలో ఉంది' అంటే ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది, పైవాళ్లకి వీధి, ఇంటి నంబరు చెప్పాలిగా!

అందుకే రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలై సర్వర్ పేరు, షేర్ పేరు, ఫోల్డర్ వరుసగా ఉండే పూర్తి అడ్రస్ పంపండి. అది తెలియకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ యూజ్' అని కొట్టండి, ఏ అక్షరం వెనక ఏ అడ్రస్ ఉందో చూపిస్తుంది. ఆ ఫోల్డర్ తెరిచే పర్మిషన్ అవతలివాళ్లకి ఉందో లేదో కూడా కనుక్కోండి.

ఆ రాత్రి నేను ఒక్క లైను సరిగ్గా రాసుంటే, నా తప్పుకి ఆమె మాటలు పడేది కాదు.