ఎదురుగా కూర్చుంటే

నర్సాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లిక పుస్తకాల్లోంచి వచ్చేది కాదు. అమ్మ పక్కనో అమ్మమ్మ పక్కనో కూర్చుని, ఆ వేళ్లు ఎలా తిరిగితే తన వేళ్లూ అలా తిప్పుతూ ఆడపిల్ల నేర్చుకునేది. 19వ శతాబ్దంలో మిషనరీల వెంట వచ్చిన ఈ క్రోషే పని గోదావరి డెల్టాలో అలా ఇల్లిల్లూ పాకి, 2024లో భౌగోళిక గుర్తింపు దాకా ఎదిగింది. ఈ పద్ధతి కుడిచేతి వాటం వాళ్లకు హాయిగా ఉంటుంది. నూటికి పదిమంది దాకా ఉండే పుర్రచేతి వాటం వాళ్లు మాత్రం చూసిన ప్రతి కదలికనూ మనసులో తిరగేసుకుని మరీ చెయ్యాలి. రెండు రోజులు దారం చిక్కుపడితే చాలు, ‘దీనికి చెయ్యి తిరగదు’ అనేస్తారు. తప్పంతా కూర్చున్న చోటుది. నేర్పేవాళ్లు పక్కన కాక ఎదురుగా కూర్చుంటే, వాళ్ల కుడిచెయ్యి పిల్ల ఎడమచేతికి సూటిగా ఎదురుపడుతుంది. అద్దంలో చూసినట్టు చూసి, ఉన్నదున్నట్టు చేసుకుపోవచ్చు.

అలా అద్దం బొమ్మలా అల్లిన లేసు గట్టిగా ఉంటుందా అంటే, అంతే గట్టిగా ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్లు గుండ్రటి పువ్వును గడియారం ముల్లుకు ఎదురు దిశలో అల్లుకుపోతారు. ఎడమచేత్తో అల్లితే అదే పువ్వు ముల్లు తిరిగే వైపుకు పెరుగుతుంది. ప్రతి కుట్టు తల మీదా గొలుసు కన్ను లాంటి చిన్న మెలిక ఉంటుంది. అది కాడకు సరిగ్గా పైన ఉండక, కుడిచేతి పనిలో ఒక పక్కకు, ఎడమచేతి పనిలో రెండో పక్కకు రవ్వంత జరిగి ఉంటుంది. తేడా అంతే. దారంతో మాత్రం చిన్న పేచీ ఉంది. పేనినప్పుడు పడిన మెలిక ఒక చేతి పనిలో బిగుస్తుంటే రెండో చేతి పనిలో విడుతుంది. పోగులు విడిపోయి సూదికి తగులుకుంటుంటే చేతిని తిట్టేముందు ఎదురు మెలిక ఉన్న దారం తెచ్చి చూడాలి. కత్తెర సంగతి ఇంకా ఘోరం. కుడిచేతికని చేసిన దాన్ని ఎడమచేత్తో నొక్కితే దాని రెండు అంచులూ ఒరుసుకోకుండా ఎడమవుతాయి, దారం తెగక మడతపడుతుంది.

రెండు చేతులూ ఆడే పనే కదా, మొదట్లోనే కుడికి అలవాటు చేస్తే పోలా అనేవాళ్లున్నారు. టాటింగ్ విషయంలో ఆ మాటలో కొంత నిజముంది. అరచేతిలో ఇమిడే చిన్న నాడెకు దారం చుట్టి, రెండో చేతి వేళ్ల మీద దారాన్ని వలయంగా పరచి, ముడి పక్కన ముడి వేసుకుంటూ పోయే లేసు అది. ముడి వేసేది నాడె అనిపిస్తుంది గానీ కిటుకు రెండో చేతిలో ఉంది. నాడె దారాన్ని బిగలాగి, వలయం పట్టిన వేళ్లను సడలించిన క్షణంలో ముడి ఒక దారం మీంచి రెండో దారం మీదికి దూకుతుంది. దూకకపోతే అది బిగుసుకుపోయి వలయం మూసుకోదు. ఆ సున్నితం ఎడమ వేళ్లకే ఉన్నవాళ్లకు కుడిచేతి పద్ధతే కుదిరినా కుదరొచ్చు. రెండు విధాలా ఒక్కో వలయం వేయించి, ఏది కావాలో పిల్లకే వదిలేయడం న్యాయం. క్రోషే అలా కాదు. దూర్చడం, దారం అందుకోవడం, లాగడం అన్నీ సూది పట్టిన చేతివే. అక్కడ వాటాన్ని మార్పించడంలో లాభం కనిపించదు. ఎడమచేత్తో ఇవ్వకూడదు, తినకూడదు అనే పాత పట్టింపే ఇక్కడికీ పాకిందేమో. క్రికెట్‌లో ఎడమచేతి బ్యాటర్‌ను నెత్తిన పెట్టుకునేది కూడా మనమే.

గట్టి అభ్యంతరం వ్యాపారం నుంచి వస్తుంది. పువ్వులు అల్లేవాళ్లు ఒకరు, వాటిని అతికేవాళ్లు ఇంకొకరు. నర్సాపురం లేసు స్త్రీల మీద 1982లో పుస్తకం రాసిన మరియా మీస్ ఈ పని విభజన గురించి వివరంగా చెప్పారు. పది ఇళ్ల నుంచి వచ్చిన ముక్కలు ఒక్కలా ఉండొద్దా? ఒకరు సగం అల్లిన ముక్కను రెండో వాటం వాళ్లు అందుకుంటే కుట్ల వాలు మారి తెలిసిపోతుంది, అది ఒప్పుకోవలసిందే. ఒక పువ్వును మొదటి నుంచి చివరిదాకా ఒకే చెయ్యి అల్లితే ఆ చిక్కు రాదు. ఇటూ అటూ ఒకేలా ఉండే పువ్వును బల్ల మీద పరిచాక ఏ చేతిదో వెతికి పట్టుకునేవాళ్లు అరుదు. జాగ్రత్త పడాల్సింది గళ్ల లేసులో అక్షరాలు తేవాలన్నప్పుడు. ‘మూడు ఖాళీ గళ్లు, రెండు నిండు గళ్లు’ అని కుడిచేతి వాళ్ల కోసం వరుసగా రాసిన లెక్కను ఎడమచేత్తో అదే క్రమంలో అల్లితే ‘అ’ తిరగబడి వస్తుంది. గళ్ల కాగితం ముందు పెట్టుకుని, మొదటి వరుసను కుడి నుంచి కాక ఎడమ నుంచి, రెండోదాన్ని కుడి నుంచి చదువుకుంటూ పోతే అక్షరం సరిగ్గానే వస్తుంది.