మందు కంటే ముందు పురుగును చూడాలి

తెలుగు నేల మీద పెంపుడు కుక్కలను ఎక్కువగా వేధించే గోధుమరంగు పిడుదు, అనగా పల్లెల్లో గోమారి అని కూడా పిలిచే జీవి, తన జీవితంలో అధిక భాగాన్ని కుక్క ఒంటి మీద కాక ఇంట్లోనే గడుపుతుంది. గుడ్డు నుంచి వెలువడిన పిల్ల దశలోనూ, మధ్య దశలోనూ, ఎదిగిన దశలోనూ ఒక్కొక్కసారి రక్తం తాగి, ప్రతిసారీ కిందికి దిగి గోడ పగుళ్లలోనూ గుమ్మాల సందుల్లోనూ దాక్కుంటుంది. రక్తంతో ఉబ్బిన ఆడ పిడుదు అక్కడే వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. కాబట్టి కుక్కకు మాత్రమే మందు వేసి, అది పడుకునే చోటును వదిలేస్తే సగం పని కూడా కాదు. తెల్లరక్తకణాల్లో చేరి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను తగ్గించి, కొన్ని కుక్కలకు ముక్కు నుంచి రక్తం కారేలా చేసే ఎర్లికియోసిస్ వ్యాధిని వ్యాపింపజేసేది ఈ పిడుదే.

నోటి ద్వారా ఇచ్చే ఐసాక్సజోలిన్ వర్గపు మాత్రల్లో అఫాక్సోలనార్ సుమారు నెల రోజులు, ఫ్లూరలనార్ సుమారు మూడు నెలలు పనిచేస్తాయి. ఇవి పురుగు రక్తం తాగిన తరువాతే దాన్ని చంపుతాయి కనుక, మాత్ర వేసిన మర్నాడు ఒకటి రెండు పిడుదులు కనిపించినంత మాత్రాన మందు నకిలీదని తేల్చకూడదు. ఈ వర్గం వల్ల కొన్ని కుక్కల్లో వణుకు, మూర్ఛ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మూర్ఛ చరిత్ర ఉన్న కుక్క విషయంలో వైద్యునికి ఆ సంగతి ముందే చెప్పాలి. మెడ వెనుక చర్మంపై వేసే ఫిప్రోనిల్ చుక్కలు చర్మపు నూనెతో పాటు ఒళ్లంతా పాకుతాయి గనుక, వేయడానికి ముందూ వెనుకా రెండేసి రోజులు స్నానం చేయించకపోవడం మేలు. ఇంట్లో పిల్లి ఉంటే మరో జాగ్రత్త: పిడుదులకు వాడే పెర్మెత్రిన్ కలిసిన మందులు పిల్లికి ప్రాణాంతకం.

పైన చెప్పిన మందులేవీ కడుపులోని పురుగులను చంపవు. వాటికి వేరే నట్టల మందు అవసరం. ఏలికపాములు తల్లి గర్భంలోనే పిల్లకు సోకుతాయి, రక్తం పీల్చే కొంకిపురుగులు పాల ద్వారా సంక్రమిస్తాయి. అందుకే కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుంచే మందు మొదలుపెడతారు. మలద్వారం వద్ద బియ్యపు గింజల్లా కదిలే తునకలు బద్దెపురుగువి. ఒంటి మీది మిన్నల్లిని, అంటే రక్తం తాగే, గెంతే చిన్న పురుగును, కుక్క కొరికి మింగినప్పుడు ఇది లోపలికి చేరుతుంది. ప్రాజిక్వాంటెల్ దీన్ని చంపుతుంది గాని, మిన్నల్లులు ఉన్నంత కాలం మళ్లీ వస్తూనే ఉంటుంది.

మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి నిర్ణయిస్తారు కనుక, ఏ మందైనా కొనేముందు కుక్కను తూకం వేయించాలి. పశువులకు వాడే సూదిమందును అంచనాతో కుక్కకు వేయించడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు.