ఒక చెవి మందగిస్తే: ఆగాలా, ఆపరేషనా?



ఫోను కుడి చెవికి పెట్టుకుంటే మాట అందదు, ఎడమ చెవికి మార్చుకుంటే బాగానే వినిపిస్తుంది. ఆ ఒక్క చెవిలోనే ఎప్పుడూ హోరు. నడుస్తూంటే అప్పుడప్పుడు తూలినట్టుంటుంది. ఇలాంటప్పుడు మనం "గుబిలి పేరుకుందేమో", "వయసు మీద పడిందిలే" అనుకుని వూరుకుంటాం. సిరిసిల్ల మరమగ్గాల దగ్గరా, గోదావరిఖని బొగ్గుగనుల్లోనూ చప్పుడువల్ల వచ్చే చెవుడు సాధారణంగా రెండు చెవులకూ వస్తుంది. ఒక్క చెవే మందగిస్తే కారణం వెతకాలి. ఆ కారణాల్లో అరుదైనది ఎకౌస్టిక్ న్యూరోమా అనే గడ్డ.

పేరు విని బెదిరిపోకండి. ఇది కేన్సరు కాదు. చెవి నుంచి మెదడుకు పోయే ఎనిమిదో నరంలో, ఒంటి తూకం చూసే పాయ మీది పొరలో పుడుతుంది. పెరిగినా చాలామందిలో ఏడాదికి ఒకటి, రెండు మిల్లీమీటర్లే. కొందరిలో ఏళ్ళ తరబడి పెరగనే పెరగదు. అయితే చోటు యిరుకు. పక్కనే ముఖాన్ని కదిలించే నరం, ఆవల మెదడు కాండం. వినికిడి పరీక్ష, ఆ తర్వాత మందు ఎక్కించి తీసే ఎం.ఆర్.ఐ. స్కానింగుతో సంగతి తేలుతుంది.

తేలాక దారులు మూడు.

మొదటిది కనిపెట్టి వుండడం. గడ్డ చిన్నదైతే ఆరు నెలలకొకసారి, తర్వాత ఏడాదికొకసారి స్కానింగు తీయించి పోల్చి చూస్తారు. కనిపెట్టి వుండడమంటే మరిచిపోవడం కాదు సుమా! గడ్డ పెరగకపోయినా వినికిడి తగ్గుతూ రావచ్చు.

రెండోది రేడియో సర్జరీ. కోత లేకుండా సన్నని కిరణాలను గడ్డ మీదికే గురిపెట్టి, పెరుగుదల ఆపుతారు. స్టాక్‌హోమ్‌లో 1969లో ఈ గడ్డకు గామా నైఫ్ వాడారు. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ, బెంగుళూరు నిమ్‌హాన్స్‌లోనూ ఆ యంత్రాలున్నాయి. సుమారు మూడు సెంటీమీటర్లు దాటిన గడ్డలకు ఇది సాధారణంగా పనికిరాదు.

మూడోది ఆపరేషను. గడ్డ పెద్దదై మెదడు కాండాన్ని నొక్కుతుంటే తప్పదు. హార్వే కుషింగ్ 1917లో ఈ గడ్డల మీద పుస్తకం రాసిననాడు ప్రాణం దక్కడమే గొప్ప. 1960ల్లో విలియం హౌస్ మైక్రోస్కోపు కింద చేయడం మొదలుపెట్టాక ముఖపు నరాన్ని కాపాడడం వీలైంది. అయినా మూతి వంకరపోవడం, కన్ను మూతపడకపోవడం, ఆ చెవి వినికిడి పోవడం అనే భయాలు పూర్తిగా తొలగలేదు.

చిన్న గడ్డకు తొందరపడాలా? నార్వేలో వందమంది మీద చేసిన పరిశీలన 2023లో వెలువడింది. వెంటనే కిరణాలిచ్చినవారిలో గడ్డ తగ్గింది. కాని నాలుగేళ్ళకు వినికిడిలోనూ, రోజువారీ బతుకులోనూ రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మొదటి వారంలోనే నిర్ణయం తీసుకోనక్కర లేదు.

డాక్టరుగారిని ఇవి అడగండి: గడ్డ ఎన్ని మిల్లీమీటర్లు? పాత స్కానుకంటే పెరిగిందా? రెండో చెవి బాగుందా? నా వయసుకూ, బి.పి.కీ, షుగరుకూ ఏ దారి మేలు? ఈ ఆపరేషన్లు మీరెన్ని చేశారు? అడగడానికి మొహమాటపడకండి. రెండో డాక్టరుగారి అభిప్రాయం తీసుకోవడమూ తప్పు కాదు. కోఠీ ఇ.ఎన్.టి. ఆస్పత్రి, పంజాగుట్ట నిమ్స్ హైదరాబాదులో వున్నాయి. ఆదిలాబాదు నుంచి అది దాదాపు 300 కిలోమీటర్లు. ఏటా స్కానుకు మీ వెంట ఎవరు వస్తారో, ఖర్చెలా సమకూరుతుందో ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. అంత దూరం ఏటా పోలేనివారికి కనిపెట్టి వుండే దారి కుదరకపోవచ్చు. ఆ సంగతీ డాక్టరుగారితో చెప్పండి.

పాత ఫిల్ములు పారేయకండి. బంగారంలా బీరువాలో దాచండి. పోల్చి చూడడానికి ఆధారం అవే. చెవి ఒక్కసారిగా మూసుకుపోయినా, తలనొప్పి, వాంతులు, ముఖం తిమ్మిరి మొదలైనా తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెళ్ళండి. పిల్లల జలుబుకు పరుగెత్తే మనం మన చెవి మాటా వినాలి కదా!