హాలు ఖాళీగా ఉందా? వెబ్‌సైట్ క్యాలెండర్ ఎంచుకునే ముందు

పోయిన వేసవిలో మా గుడి హాలుకి ఒకే శనివారానికి రెండు కుటుంబాలు అడ్వాన్స్ కట్టాయి. ఒకరిది సీమంతం, ఇంకొకరిది అన్నప్రాసన. సీమంతం వాళ్ళు ఫోన్ చేసి ఆఫీసు డైరీలో రాయించుకున్నారు. అన్నప్రాసన వాళ్ళు వెబ్‌సైట్‌లో ఖాళీ అని చూసి ఫారం నింపారు. ఆ వెబ్‌సైట్ చూసుకునేది నేనే. డైరీలోవి ఆదివారం రాత్రి కూర్చుని ఎక్కించేదాన్ని. ఆలోపే ఇది జరిగిపోయింది. సీమంతానికి అమ్మాయి అమ్మానాన్నలు ఇండియా నుంచి టికెట్లు కూడా కొనేసుకున్నారు. అన్నప్రాసన వాళ్ళు పెద్ద మనసుతో మర్నాటికి మార్చుకోబట్టి గండం గడిచింది.

ఆ తర్వాత కొత్త క్యాలెండర్ వెతికే పని నా మీదే పడింది. కమిటీలో అందరూ అడిగింది "ఏది ఫ్రీ?" అని. అసలు చూడాల్సింది, బుకింగ్ మొదట ఎక్కడ రాస్తున్నాం, అది సైట్‌లో ఎంతసేపటికి కనిపిస్తుంది అన్నది.

ఒక క్యాలెండర్‌ని ఇంకోదానికి ఐకాల్ లింకుతో కలపొచ్చు. అయితే అలా వచ్చేది నకలు మాత్రమే, అప్పుడప్పుడూ తాజా అవుతుంది. గూగుల్ క్యాలెండర్‌లో బయటి లింకు కలిపితే మార్పు కనిపించడానికి 12 గంటల దాకా పట్టొచ్చు. ముహూర్తం ఏ రోజున్నా ఫంక్షన్ శనివారమే చేసుకునే మనవాళ్ళకి ఆ 12 గంటలు చాలు, మళ్ళీ గొడవ రావడానికి.

క్యాలెండ్లీ లాంటివి ఒక మనిషి టైము పంచడానికి చేసినవి. సంగీతం టీచర్లకి, ట్యూషన్లకి బాగుంటాయి. చూసేవాళ్ళ ఊరి టైముకి అవే మార్చి చూపిస్తాయి. హాలుకి అదే ఇబ్బంది. న్యూజెర్సీలో వేసవి శనివారం సాయంత్రం 6 అంటే హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున 3:30. అక్కడి తాతగారు చూసి కంగారుపడతారు. అలాంటి టూల్ తీసుకుంటే టైమ్ జోన్ హాలున్న ఊరికి లాక్ చేసుకోండి.

మేము చివరికి గూగుల్ క్యాలెండర్‌నే నేరుగా సైట్‌లో పెట్టి, పక్కన ఒక ఫారం పెట్టాం. రెండు క్యాలెండర్లు, రెండు రంగులు: ఒకటి "బుక్ అయింది", రెండోది "అడ్వాన్స్ రావాలి". రెండోది లేకపోతే ఒకే తేదీకి ముగ్గురు ఫారం నింపుతారు. అడ్వాన్స్‌కి మూడు రోజులు గడువు. పేర్లు మాత్రం అందులో రాయం. ఫలానా వాళ్ళు ఫలానా రోజు ఇంట్లో ఉండరని ఊరందరికీ చెప్పినట్టవుతుంది కదా! పేర్లు, ఫోన్ నంబర్లు వేరే షీటులో ఉంటాయి, అది కమిటీలో ఇద్దరికే కనిపిస్తుంది.

ఇంకో మాట. అందులో రోజంతా ఉండే ఈవెంట్ పెడితే మామూలుగా "ఫ్రీ" అనే ఉంటుంది. మీరు వివరాలు దాచి బిజీయా, ఖాళీయా అన్నది మాత్రమే చూపించేలా పెట్టుకుంటే, ఆ రోజు ఖాళీ అన్నట్టే కనిపిస్తుంది. "బిజీ" అని మార్చాలి, లేదా గంటలు వేసి పెట్టాలి. మేము గంటలే వేస్తాం, శుభ్రం చేయడానికి చివర్లో రెండు గంటలు కలిపి.

ఫోన్‌లో నెల మొత్తం చూపిస్తే అక్షరాలు చిన్నవైపోతాయి. అలాగని షెడ్యూల్ వ్యూ పెడితే అందులో బుక్ అయినవే వస్తాయి, ఖాళీ రోజులు కనిపించవు. అందుకే నెల వ్యూనే ఉంచి, కింద దాన్నే పెద్దగా తెరిచే లింకు ఇచ్చాం.

డైరీ ఇంకా ఆఫీసులోనే ఉంది. ఫోన్ వస్తే మాత్రం ముందు క్యాలెండర్‌లో పెట్టాకే అందులో రాస్తున్నారు.