చిన్న చిప్పు గవ్వలెలా వేస్తుంది?

నాదెండ్ల మిరప చేలో రెండు తేమ సెన్సర్లు పెట్టామనుకోండి. ఒకే క్షణంలో వైర్‌లెస్‌గా కబురు పంపితే సిగ్నళ్లు ఢీకొని రెండూ పాడవుతాయి. సరిగ్గా ఒక సెకను ఆగి పంపినా మళ్లీ ఢీయే! అందుకే ఎంతసేపు ఆగాలో ఒక్కొక్కటీ గవ్వలేసినట్టు తేల్చుకుంటుంది. 1971లో హవాయి దీవుల్లో మొదలైన అలోహానెట్ అనే వైర్‌లెస్ నెట్‌వర్క్ నాటి చక్కని ఉపాయమిది.

మరి సెన్సర్‌లోని చిప్పుకు గవ్వలెక్కడివి?

చిప్పు లెక్క కట్టి తెచ్చే అంకెలు నిజానికి ముందే ఖాయమైన వరుస. మొదలుపెట్టే సంఖ్యను ‘విత్తనం’ అంటారు. రెండు సెన్సర్లకూ ఒకటే విత్తనం వేస్తే ఒకే పంట!

అసలైన గవ్వలు వేడిలో ఉన్నాయి. వేడికి ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదులుతూ సన్నని గరగర పుట్టిస్తాయి. ఈఎస్‌పీ32 చిప్పు వైఫై నడుస్తున్నప్పుడు ఇలాంటి గరగర నుంచే అంకెలు ఏరుకుంటుంది. వైఫై, బ్లూటూత్ ఆపేసి, వేరే ఏర్పాటూ చేయకపోతే, ఆ అంకెలు అసలైన గవ్వలని నమ్మలేం; వాటితో సందేశాలు దాచే రహస్య తాళాలు చేయకండి.